చీలమండ పక్కకు తిరుగుతుందా, తిరగదా?

మెట్లదారి: పోయిన శనివారం అలిపిరి మెట్లు దిగుతుంటే కుడి పాదం లోపలికి మడతపడింది. చీలమండ పక్కకు తిరిగి బెణికిందని ఇంట్లో అందరూ అంటున్నారు. ఫిజియోథెరపీ రెండో ఏడు చదువుతున్న మా మేనల్లుడు మాత్రం "చీలమండ అసలు పక్కకు తిరగదు మామయ్యా" అంటాడు. అన్నం దగ్గర కూడా ఇదే గొడవ. ఎవరిది నిజం?

కబడ్డీ_మాస్టారు: ఇరవై రెండేళ్లుగా పిల్లలకు కబడ్డీ నేర్పుతున్నాను. తిరుగుతుంది. కాలు ఎత్తి పాదాన్ని గుండ్రంగా తిప్పి చూడండి. మేనల్లుణ్ణీ తిప్పమనండి.

కీలెరిగి_వాత: మేనల్లుడిదే నిజం. నేను ఫిజియోథెరపిస్టును. పాదం గుండ్రంగా తిరిగేది ఒక్క కీలు వల్ల కాదు. మోకాలి కింద ఉండే పెద్ద ఎముక, దాని పక్కనున్న సన్న ఎముక రెండూ కలిసి తాలస్ అనే ఎముకను పట్టకారులా పట్టుకుంటాయి. చేతికి తగిలే రెండు బుడిపెలు ఆ పట్టకారు కొసలే. అది తలుపు మడతబందు లాంటి కీలు, పాదాన్ని పైకీ కిందికీ మాత్రమే ఆడిస్తుంది. లోపలికీ బయటికీ ఒరిగేది దాని కింది అంతస్తు, అంటే తాలస్ వచ్చి మడమ ఎముక మీద కూర్చునే చోటు.

నమ్మకం లేకపోతే బాగున్న కాలితో చూడండి. పాదాన్ని పైకి వంచి పట్టుకుంటే తాలస్ ముందువైపు వెడల్పు భాగం పట్టకారులో బిగుసుకుంటుంది. ఇప్పుడు మడమను రెండో చేత్తో దోసిలిలా పట్టి అటూ ఇటూ ఆడించండి. ఇంకా ఊగుతుంది. ఆ ఊగేది కింది కీలే. మెట్లు దిగేటప్పుడు వేళ్లు కిందికి వంగుతాయి, తాలస్ సన్నటి వెనకభాగం పట్టకారులోకి వచ్చి పట్టు వదులవుతుంది. మీ కాలు అక్కడే మోసం చేసింది.

చిటికెనవేలు: పేర్లు తర్వాత. నొప్పికి ఏమి చేయాలో చెప్పండి.

కబడ్డీ_మాస్టారు: కింది అంతస్తయినా పై అంతస్తయినా ఇల్లు ఒకటే కదమ్మా. బెణికినప్పుడు ఎక్కువగా తెగే లిగమెంటు, అదే ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీ, ఎక్కడుంది? బయటి బుడిపె నుంచి తాలస్‌కు. మీ కింది కీలుది కాదే! తిరగని కీలు లిగమెంటు ఎలా తెగింది?

కీలెరిగి_వాత: తిరగకుండా ఆపడమే దాని పని కాబట్టి తెగింది. తలుపును పక్కకు గుంజితే బందు ఊడుతుంది. అంతమాత్రాన పక్కకు ఒరగడం తలుపు పని అవుతుందా? ఆ కీలులో పక్కకు కాస్త ఆట ఉంటుంది, అంతే.

కబడ్డీ_మాస్టారు: కాస్త ఉంటుందని ఒప్పుకున్నారు. సంతోషం.

ఎదురుకాళ్లవాడు: నేను ఎదురుకాళ్లతో పుట్టాను. నడుము పట్టినవాళ్లను నాచేత తొక్కించేవారు. చీలమండకు కూడా తొక్కవచ్చా?

కీలెరిగి_వాత: దయచేసి వద్దు. మాస్టారూ, నా కోపం కీలు మీద కాదు. నిరుడు మా దగ్గరికి ఒక పదో తరగతి పిల్లవాణ్ణి తెచ్చారు. ఆటలో కాలు మడతపడితే అక్కడివారెవరో పాదం గుంజి "సర్దుకుంది, ఆడు" అన్నారట. మూడు వారాలు కుంటుతూ ఆడాడు. చిటికెన వేలి వెనక పొడవాటి ఎముక ఉంటుంది కదా, దాని మొదలు విరిగి ఉంది. కాలి బయటివైపు కండరం ఒకటి వచ్చి అక్కడే అతుక్కుంటుంది, పాదం మడతపడితే ఎముక ముక్కను పీక్కుపోతుంది. రాబర్ట్ జోన్స్ అనే బ్రిటిష్ వైద్యుడికి నాట్యం చేస్తుండగా ఆ ఎముకే, ఇంకాస్త ముందు విరిగింది. 1902లో ఆయన దాని మీద వ్యాసమే రాశాడు. ఆయనకైనా ఎక్స్‌రే కావలసి వచ్చింది.

కబడ్డీ_మాస్టారు: అంటే పిల్లల కాళ్లు పాడుచేసేది మేమన్నమాట. నా మాటా వినండి. 2011లో మా జట్టు కుర్రాడికి బెణికితే నలభై కిలోమీటర్లు బండి మీద తీసుకెళ్లాను. ఎక్స్‌రే తీశారు. ఎముక బాగుందన్నారు, కట్టు కట్టి పంపేశారు. తర్వాత ఏమి చేయాలో ఒక్కరూ చెప్పలేదు. ఆ కాలు మళ్లీ మళ్లీ మడతపడింది. కూతకు వెళ్లాలంటేనే భయపడి ఆట మానేశాడు. మీ ఎక్స్‌రేలో లిగమెంటు కనబడుతుందా? మా ఊళ్లో బెణుకు తీసే పెద్దాయన పది రోజులు ఇంటికి వచ్చి చూసేవాడు.

పిక్కబలం: ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు.

కీలెరిగి_వాత: కనబడదు. ఆ కుర్రాడి చేత ఒంటికాలి మీద నిలబడే సాధన చేయించాల్సింది. కీలు ఎటు వంగిందో మెదడుకు చేరవేసే నాడుల కొసలు లిగమెంటులోనే ఉంటాయి, అవీ దెబ్బతింటాయి. చెప్పకపోవడం మావాళ్ల తప్పే. కానీ అందరికీ ఎక్స్‌రే తీయమని నేను అనలేదు. 1992లో కెనడాలోని ఒటావా వైద్యులు ఒక పద్ధతి చెప్పారు. నాలుగు అడుగులు వేయలేకపోయినా, బుడిపెల కొసన గానీ వెనక అంచున ఆరు సెంటీమీటర్ల మేర గానీ ఎముక నొక్కితే నొప్పి పుట్టినా, చిటికెన వేలి ఎముక మొదట్లో గానీ పాదం లోపలి వంపు పైనున్న ఎముక మీద గానీ నొప్పి ఉన్నా, ఎక్స్‌రే. ఇవేవీ లేకపోతే సాధారణంగా అక్కర్లేదు. మైదానంలో మీ వేలు చాలు.

కబడ్డీ_మాస్టారు: ఈ మాట మొదటే చెప్పి ఉంటే తలుపులూ బందులూ ఎందుకు? రాసుకున్నాను.

మెట్లదారి: నాలుగు అడుగులు వేస్తున్నాను. బుడిపెల దగ్గర ఏమీ లేదు. చిటికెన వేలి ఎముక మొదట్లో మేనల్లుడు నొక్కితే మాత్రం ప్రాణం పోయినంత పనైంది. వాడి ముఖంలో ఆ ఆనందం చూడలేకపోతున్నాను.

కబడ్డీ_మాస్టారు: రేపే వెళ్లి ఎక్స్‌రే తీయించుకోండి. గుంజేవాళ్ల దగ్గరికి పోకండి. చీలమండ మాత్రం కాస్త తిరుగుతుంది, ఆవిడే ఒప్పుకున్నారు.