ఎమ్మెల్యే పని చట్టాలు చెయ్యడమా, కాలువ పూడిక తీయించడమా?

శివారు రైతు, నరసన్నపేట:
మాది వంశధార ఎడమ కాలువ శివారు. పిల్లకాలువ నిండా గుర్రపుడెక్క, కింద పూడిక. నీరు సగంలోనే ఆగిపోతంది. కాలువ నీళ్ళు చూసే లస్కరుని అడిగితే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి దగ్గరికి పొమ్మన్నాడు. ఆయనేమో "ఎమ్మెల్యే గారి చేత ఓ మాట చెప్పించండి" అన్నారు. మా అమ్మాయి గ్రూప్-2కి చదువుతోంది. చట్టం చేసేవాళ్ళు వేరు, అమలు చేసేవాళ్ళు వేరని గైడులో ఉందట. మరి ఇదేటండీ?

సివిక్స్ మాస్టారు (రిటైర్డ్), విజయనగరం:
అమ్మాయిని రాజ్యాంగం 50వ అధికరణం మళ్ళీ చూడమనండి. ప్రభుత్వ యంత్రాంగం నుంచి వేరు చెయ్యమన్నది న్యాయవ్యవస్థని. మంత్రివర్గం మాత్రం చట్టసభల్లోంచే పుట్టాలి, 164 ప్రకారం శాసనసభకే జవాబు చెప్పాలి. సభ్యత్వం లేకుండా మంత్రయితే ఆరు నెలలే గడువు. అమెరికాలో తిరగేసిన లెక్క: 2009లో హిల్లరీ క్లింటన్ విదేశాంగ మంత్రి కావాలంటే సెనేట్ సీటు వదులుకోవాల్సొచ్చింది.

అయితే మీ గొడవ అది కాదు. 2003 నాటి 91వ సవరణతో మంత్రులు సభలో 15 శాతానికి మించకూడదు. మన 175కి ముఖ్యమంత్రితో కలిపి 26 మంది. మిగతా ఎమ్మెల్యేలెవరికీ ఏ శాఖ ఫైలు మీదా సంతకం పెట్టే అధికారం లేదు. ఏఈ గారు అడిగిన ఆ 'మాట' ఫైల్లోకి ఎక్కదు. మంత్రినైతే సభలో నిలదీస్తారు. ఫోన్లో చెప్పినదాన్ని ఎవరడుగుతారు?

టెక్కలి కుర్రోడు:
ముఖ్యమంత్రిని జనమే నేరుగా ఎన్నుకుంటే సరి. అప్పుడు ఎమ్మెల్యేలు చట్టాలు చూసుకుంటారు.

శివారు రైతు:
సర్పంచిని నేరుగానే ఎన్నుకుంటన్నాం కదా తమ్ముడూ. ఆయనా ఎమ్మెల్యే వాకిట్లోనే కనిపిస్తాడు.

సివిక్స్ మాస్టారు:
బాగా చెప్పారు. ఇంకో సంగతి. సాగునీటి యాజమాన్యం రైతులకే అప్పగిస్తూ 1997లో మన శాసనసభే చట్టం చేసింది. వంతులు వెయ్యడం, కాలువ మరమ్మతులు చూసుకోవడం నీటి సంఘం పని. సభ చేతులారా ఇచ్చేసిన పనిని సభ్యుడి గుమ్మం ముందు మళ్ళీ అడుక్కోవడమేమిటి? సంఘం చేత తీర్మానం రాయించండి, ఏఈ గారికి ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి.

శివారు రైతు:
అలాగే మాస్టారూ. కానీ మా సంఘం అధ్యక్షుడి పొలం సరిగ్గా తూము పక్కనే. ఆయనకి నీటి కొరతే తెలీదు. వరసకి బావే అవుతాడు, రేపు పట్టుకుంటాను.