ఆల్బట్రాస్ ఆడపక్షుల జంటల గురించి పిల్లలకు ఎలా చెప్పాలి?

నమస్కారమండీ. తొమ్మిదో తరగతికి బయాలజీ చెబుతాను. హవాయిలోని ఒవాహు దీవిలో లేసాన్ ఆల్బట్రాస్ అనే సముద్రపక్షుల జంటల్లో 31 శాతం రెండూ ఆడపక్షులేనని 2008లో పరిశోధకులు తేల్చారు. ఆడా మగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి డీఎన్‌ఏ పరీక్ష చేస్తేగానీ బయటపడలేదు. అక్కడ మగపక్షులు తక్కువ. ఈ జంటలు వంతులవారీగా గుడ్డు పొదిగి, పిల్లను కలిసి పెంచుతాయి. కొన్నయితే ఏళ్ల తరబడి విడిపోలేదు, నాకు అదే గొప్పగా అనిపించింది.

ఇది చెబితే ఒక అబ్బాయి, "ఇది ప్రేమా, అవసరమా మేడమ్?" అని అడిగాడు. మనుషుల మాటలు పక్షులకు అంటగట్టకుండా, అలాగని వాడి ప్రశ్నను కొట్టిపారేయకుండా ఏం చెప్పాలి? 'స్వలింగ జంట' అనే మాట సరిపోతుందా? క్లాసులో ఇలాంటివి చెప్పినవాళ్లుంటే దయచేసి రాయండి. సోమవారం మళ్లీ అదే క్లాసు, కొంచెం టెన్షన్‌గా ఉంది.