సంక్రాంతికి బ్రూమ్ వెళ్లవచ్చునా?

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి):
మా అబ్బాయి పెర్త్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి మేమిద్దరం అక్కడికి వెళ్తున్నాము కనుక, పనిలో పనిగా ఆస్ట్రేలియా వాయవ్య తీరంలోని బ్రూమ్ పట్టణం కూడా చూడాలని ఉంది. కారులో వెళ్లడం మేలా, విమానంలోనా? జనవరిలో సముద్రస్నానం చేయవచ్చునా? ఎండలు మాకు కొత్త కాదు.

బొబ్బిలి వాసి, ప్రస్తుతం పెర్త్:
విమానమే మేలండీ. రోడ్డు మార్గం 2,200 కిలోమీటర్లకు పైమాటే. విమానంలో సుమారు రెండున్నర గంటలు. అయితే జనవరి ప్రయాణం మానుకోవాలని నా సలహా. ఎండ సంగతి అటుంచండి, నవంబరు నుంచి ఏప్రిల్ వరకు అక్కడ తుఫానుల కాలం. తిత్లీని చూసిన జిల్లావారికి దాని గురించి వేరే చెప్పనక్కరలేదు. పైగా ఆ నెలల్లోనే ఇరుకాంజీ అనే విషపు జెల్లీచేపలు తీరానికి వస్తాయి కాబట్టి, 22 కిలోమీటర్ల కేబుల్ బీచ్ ఎదురుగా ఉన్నా నీళ్లలో దిగడం క్షేమం కాదు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం:
నేను ఆగస్టులో వెళ్లాను. బ్రూమ్‌లో అన్నిటికీ ఆటుపోట్లే ఆధారం. మన కళింగపట్నంలో పోటుకూ పాటుకూ తేడా రెండు మీటర్లలోపే ఉంటుంది, అక్కడ పది మీటర్ల దాకా వెళ్తుంది. గాంథోమ్ పాయింట్ వద్ద రాతిపై ఉన్న సుమారు 13 కోట్ల ఏళ్ల నాటి డైనోసార్ అడుగుజాడలు, ఊరి పక్కనున్న రోబక్ బే అఖాతంలో 1942 మార్చి 3న జపాన్ విమానాల దాడిలో మునిగిన ఎగిరే పడవల (నీటిపై దిగే విమానాల) శిథిలాలు, నీరు బాగా తగ్గినప్పుడే బయటపడతాయి. ముత్యపు చిప్పల కోసం మునిగి ప్రాణాలు కోల్పోయిన ఎందరో జపనీయులు అక్కడి శ్మశానంలో ఉన్నారు. 900 మందికి పైగా సమాధి అయిన ఆ చోటును చాలామంది దాటవేస్తారు గానీ, ఊరి చరిత్ర తెలియాలంటే మొదట అక్కడికే వెళ్లాలి.

ప్రశ్న అడిగినవారు:
అయితే బ్రూమ్ ప్రయాణాన్ని జూలైకి మార్చుకుంటాము. ఏ తేదీలు అనుకూలం?

బొబ్బిలి వాసి:
పున్నమికి అటూ ఇటూ రోజులు చూసుకోండి. మార్చి నుంచి అక్టోబరు వరకు, ఆ రాత్రుల్లో నీరు తీసిన రోబక్ బే బురదమీద ఉదయించే చంద్రుడి వెలుగు మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. పాటు ఎక్కువగా ఉండేదీ అప్పుడే కనుక అడుగుజాడలు కూడా అదే ప్రయాణంలో కుదరవచ్చు. జూలైలో గదుల ధరలు బాగా పెరుగుతాయి, ముందుగానే బుక్ చేసుకోండి.