ఎగిరే తెల్లకొంగకు ఏ ఎక్స్‌పోజర్ మోడ్ నయం?

కోనసీమ కాలువ గట్లను, కొబ్బరితోటలను అపెర్చర్ ప్రయారిటీలో (లెన్సు రంధ్రం సైజు మనం పెడితే షట్టర్ వేగం కెమెరాయే ఎంచుకునే మోడ్) ఎఫ్ 8 పెట్టి తీసుకుంటున్నంత కాలం నాకు ఏ ఇబ్బందీ రాలేదు. అయితే మొన్న కోరంగి మడ అడవుల్లో పడవ మీద వెళ్తూ ఎగిరే తెల్లకొంగను అదే మోడ్‌లో తీస్తే, వెనుక ఉన్న ముదురుపచ్చ చెట్లను చూసి వెలుగును కొలిచే కెమెరా మీటరు ఫొటోలో వెలుగు పెంచేయడంతో ఈకల గీతలన్నీ పోయి ఒళ్లంతా సున్నం కొట్టినట్టు వచ్చింది. షట్టర్ 1/250 సెకను దగ్గరే ఆగడంతో రెక్కల కొసలూ చెదిరాయి.

షట్టర్ ప్రయారిటీలో (షట్టర్ వేగం మనం పెట్టే మోడ్) 1/2000 పెట్టి కాంపెన్సేషన్‌ను (మీటరు లెక్కకు మనం చేసే సవరణ) ఒక స్టాప్, అంటే వెలుగు సగానికి, తగ్గించడం మేలా, లేక కొంగ చెట్ల ముందు నుంచి ఆకాశంలోకి లేవగానే ఆ లెక్క తప్పుతుంది కనుక, ఎండ నిలకడగా ఉన్నంతసేపు అన్నీ మనమే పెట్టుకునే పూర్తి మాన్యువల్ వాడడమే మేలా? మబ్బులు కదిలే వేళ మాన్యువల్‌కు ఆటో ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందనను కెమెరాయే మార్చుకునే సదుపాయం) జతచేస్తే మళ్లీ మీటరు మాటే చెల్లుతుంది కదా అని నా సందేహం. పక్షుల ఫొటోలు తీసే అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.