తెల్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) చూడముచ్చటగా ఉంది, తీసుకోవచ్చా?

ఖమ్మం స్టూడియో:
అందరికీ నమస్తే. ఖమ్మంలో నాకో చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళి ఆల్బమ్‌లు, వీడియో ఎడిటింగ్ అన్నీ ఒకే సిస్టమ్ మీద. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, మూడు హార్డ్‌డిస్కులు. మొన్న ముహూర్తాల హడావిడిలో వీడియో రెండర్ అవుతుండగా పాత ఎస్‌ఎంపీఎస్ టప్‌మని పోయింది. మిగతావన్నీ బతికిపోయాయి. పెళ్ళికూతురు వాళ్ళ నాన్నగారు మాత్రం రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తున్నారు.

పనిలో పనిగా అద్దం తలుపున్న తెల్ల క్యాబినెట్ కొన్నాను. సిస్టమ్ కౌంటర్ పక్కనే ఉంటుంది, వచ్చినవాళ్ళందరి కళ్ళూ దానిమీదే. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఒక షాపతను దానికి జోడీగా తెల్ల ఎస్‌ఎంపీఎస్ చూపించాడు. ఫ్యాన్‌లో రంగురంగుల లైట్లు, పక్కన వెండి అక్షరాలు, కేబుళ్ళు కూడా తెలుపే. 650 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్. మనసు పడింది. లేబుల్ ఫొటో తీసుకొచ్చాను, 12 వోల్టుల గడిలో 38 ఆంపియర్లు అని ఉంది. తీసుకోమంటారా?

రిపేర్ బల్ల:
ఆ గడి చూడటం మంచి పని చేశారు, చాలామంది రంగు చూసి డబ్బులిచ్చేస్తారు. 12ను 38తో గుణించండి, 456 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది ఆ 12 వోల్టుల లైనులోనే. నిఖార్సైన 650 అయితే అక్కడ 52 నుంచి 54 ఆంపియర్లు కనబడాలి. మీవాడు 3.3, 5 వోల్టుల లైన్ల లెక్క కూడా కలిపి పెద్ద అంకె వేశాడు.

మీ సిస్టమ్‌కి 456 చాలదా అంటే చాలుతుంది. ప్రాసెసర్ 76, కార్డు 170, డిస్కులకీ ఫ్యాన్లకీ ఓ 50 వేసుకున్నా 300 దగ్గరే. కాకపోతే కార్డు క్షణకాలం అంతకు మించి లాగుతుంది, దానికి కాస్త ఖాళీ ఉండాలి. నాకు నచ్చనిది అది కాదు. పెట్టె మీదే అంకె సాగదీసినవాడు లోపల కెపాసిటర్ల దగ్గర చెయ్యి బిగించడా? బ్రాంజ్ ముద్ర చూసి మోసపోవద్దు. అది కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుంది, అంతే. సగం లోడు మీద బ్రాంజ్‌కి 85 శాతం, గోల్డ్‌కి 90 శాతం (115 వోల్టుల పరీక్షలో). వోల్టేజీ నిలకడ గురించి, షార్ట్ అయితే ఆగుతుందా లేదా అన్నదాని గురించి ఆ ముద్రలో ఒక్క మాట ఉండదు.

నైట్ గేమర్:
అన్నా, ఒక చిన్న డౌటు. మీ క్యాబినెట్‌లో అడుగున ఎస్‌ఎంపీఎస్‌ని కప్పేస్తూ రేకు ఉందా? నేనూ లైట్ల ఫ్యాన్ చూసి మోజుపడి కొన్నా. బిగించాక చూస్తే ఫ్యాన్ నేలవైపు. రెండేళ్ళుగా మా ఇంట్లో చీమలకి డిస్కో నడుస్తోంది. తిరగేసి బిగిద్దామంటే పై రేకుకి కన్నాల్లేవు, గాలి ఆడదు.

ఖమ్మం స్టూడియో:
ఇప్పుడే కిందకి వంగి చూశాను బ్రో. రేకు ఉంది, ఒక్క కన్నం లేదు. మా ఆవిడ పక్కనే ఉండి నవ్వుతోంది. సరే, లైట్ల సంగతి వదిలేశాను. మరి తెల్ల కేబుళ్ళు? అద్దంలోంచి కనబడేవి అవే కదా.

రిపేర్ బల్ల:
దానికి ఎస్‌ఎంపీఎస్సే తెల్లగా ఉండక్కర్లేదండీ. తెల్ల ఎక్స్‌టెన్షన్ కేబుళ్ళు విడిగా దొరుకుతాయి. మదర్‌బోర్డుకి ఒకటి, కార్డుకి ఒకటి వేస్తే చాలు, నల్లవి రేకు వెనక్కి పోతాయి. ఇంతకీ మీ యూపీఎస్ ఏది?

ఖమ్మం స్టూడియో:
600 వీఏ. ఎండాకాలం మా దగ్గర కరెంటు రోజూ దాగుడుమూతలే.

రిపేర్ బల్ల:
600 వీఏ అంటే చాలావాటిలో 360 వాట్లే, వెనక చూడండి రాసి ఉంటుంది. పైగా మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ (లైను నుంచి కరెంటును సమంగా లాగే సర్క్యూట్) ఉంటుంది. చవక యూపీఎస్ బ్యాటరీ మీదకి మారినప్పుడు మెట్లుమెట్లుగా ఇచ్చే కరెంటు కొన్నిటికి పడదు, సిస్టమ్ అక్కడికక్కడే ఆగిపోతుంది. కొన్న రోజే ముఖ్యమైన ఫైళ్ళు సేవ్ చేసుకుని, రెండర్ పెట్టి, యూపీఎస్ ప్లగ్ పీకి చూడండి. తేడా వస్తే షాపుకి తిరిగిచ్చే గడువు ఇంకా ఉంటుంది.

ఖమ్మం స్టూడియో:
నిన్న మళ్ళీ సీటీసీకి వెళ్ళొచ్చాను. నల్లది, లైట్లు లేనిది, 650 గోల్డ్, మాడ్యులర్ (కేబుళ్ళు ఊడదీసి పెట్టుకునే రకం). 12 వోల్టుల గడిలో 54 ఉంది. తెల్ల ఎక్స్‌టెన్షన్లు కూడా తెచ్చా. ప్లగ్ పీకితే యూపీఎస్ కుయ్యోమంది కానీ రెండర్ ఆగలేదు. మూడో డిస్కుకి సాటా వైరు (డిస్కుకి కరెంటు ఇచ్చేది) అందడం లేదు. పాత ఎస్‌ఎంపీఎస్ కూడా మాడ్యులరే, దాని వైరు ఇందులో సరిగ్గా కూర్చుంటోంది. పెట్టేయనా?

రిపేర్ బల్ల:
వద్దు! వెంటనే తీసేయండి. డిస్కు వైపు పిన్నులు అన్నిటికీ ఒకటే గానీ, ఎస్‌ఎంపీఎస్ వైపు కంపెనీకో వరస. 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తే పెళ్ళిళ్ళన్నీ ఆ డిస్కుతోపాటే పోతాయి. ఇలా కాలిపోయినవి నా బల్ల మీదకి వస్తూనే ఉంటాయి.

ఖమ్మం స్టూడియో:
ఇంకా ఆన్ చేయలేదండీ, బతికించారు. పాత వైర్లన్నీ సంచిలో కట్టి అటక మీద పడేశాను. ఆ డిస్కులోనే మా పాప అన్నప్రాసన వీడియో కూడా ఉంది.