సొక్కా, జూకోల స్నేహం నిజమైనదా, రెండు ఎపిసోడ్ల కోసం అతికించిందా?

బూమరాంగ్‌బాబు:
అవతార్ ది లాస్ట్ ఎయిర్‌బెండర్ అనే యానిమేషన్ సిరీస్ మళ్ళీ మొదట్నుంచి చూస్తున్నా, మొత్తం 61 ఎపిసోడ్లు. ఈసారి నన్ను పట్టేసింది హీరో ఆంగ్ కథ కాదు, ఆంగ్ ఫ్రెండ్ సొక్కాకీ, మొదట్లో వాళ్ళని వెంటాడిన శత్రుదేశపు రాకుమారుడు జూకోకీ కుదిరిన స్నేహం. అస్సలు ఊహించలేదు. మా ఫ్రెండ్ ఏమో మూడో సీజన్‌లో బాయిలింగ్ రాక్ జైలు కథకి ఇద్దరు కావాల్సొచ్చి వీళ్ళని కలిపేశారు, అంతకుమించి ఏం లేదంటాడు. నేనొప్పుకోను. గ్రహణం రోజు జూకో వాళ్ళ దేశం మీద దాడి ఫెయిలై నాన్న దొరికిపోయాడు, ఆ తప్పంతా తనదే అని సొక్కా ఆయన్ని విడిపించడానికి ఎవరికీ చెప్పకుండా రాత్రి బయల్దేరితే, జూకో అప్పటికే వాళ్ళ ఎగిరే బైసన్ అప్పా మీద కూర్చుని ఉంటాడు చూడండి, పోయిన పరువు తిరిగి తెచ్చుకోవాలన్న తపన ఏంటో ఆ గుంపులో వాడికి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

నీలిమాస్క్:
అన్నా, నీ ఇష్టం సమజైతది గానీ జూకో మొదట్ల ఏం చేసిండో మర్చిపోతే ఎట్ల? సొక్కా వాళ్ళ ఊర్ల మొగోళ్ళంత యుద్ధానికి పోయిన్రు, ఓడ దిగి వచ్చిన జూకోకి సొక్కా ఒక్కడే ఎదురు నిలవడ్డడు, వాణ్ణి పక్కకు నూకేసి పోయిండు. సొక్కా చెల్లె కటారా అంత జల్ది మాఫ్ చెయ్యలే, గదే నిజమనిపిస్తది. నాకైతే అసలు దోస్తానా ఆంగ్‌ది జూకోది. మొదటి సీజన్లనే మాస్కేసుకొని ఆంగ్‌ని విడిపించిండు, మనం దోస్తులమయ్యేటోళ్ళమా అని ఆంగ్ అడిగితే నిప్పుతోని జవాబిచ్చిండు. ఆడికెల్లి మూడో సీజన్ దాకా పండిన బంధం అది.

బూమరాంగ్‌బాబు:
ఆంగ్‌తో బంధం గొప్పదే, కాదనట్లేదు. కానీ ఆంగ్ ఎవరినైనా ఫ్రెండ్ చేసుకుంటాడు బ్రో, సొక్కా అలా కాదు, అనుమానం మనిషి. అందుకే జైలుకెళ్ళే దారిలో బెలూన్‌లో ఆ మాటలు నాకంత నచ్చాయి, మొదట యుద్ధం మీ ఇంట్లో వంశపారంపర్యం అన్నట్టు ఒకటి అంటించి, తర్వాత జూకో పెదనాన్న గురించి బాధపడుతుంటే ఆయన నిన్ను చూసి గర్వపడతాడు అంటాడు. ముఖం కాల్చి వెళ్ళగొట్టిన తండ్రి ఒకడికి, ప్రాణం పణంగా పెట్టి వెతుక్కునే తండ్రి ఇంకొకడికి, ఇద్దరూ ఒకే బెలూన్‌లో. జైల్లో సొక్కా తన గర్ల్‌ఫ్రెండ్ సుకీతో మాట్లాడుతుంటే గార్డుని ఆపబోయి జూకో తనే దొరికిపోతాడు, సొక్కా గార్డు వేషంలో ఉండి వాడి అరెస్టుకి చెయ్యేయాల్సొస్తుంది. ఇదంతా అతికించిందంటే ఎలా?

చంద్రకాంత:
నాది బూమరాంగ్ గారి మాటేనండి, పైగా ఇంకోటి ఎవరూ అనలేదు. బాయిలింగ్ రాక్ అయిపోయాక కటారాకి తన మీద ఎందుకంత కోపమో తెలుసుకోడానికి జూకో వెళ్ళేది సొక్కా గుడారానికే కదా, వాళ్ళమ్మ ఎలా పోయిందో చెప్పమని అడుగుతాడు, సొక్కా చెప్తాడు. అమ్మ పోయిన రోజు గురించి మనం దారిన పోయేవాళ్ళకి చెప్పం. ఆ సీన్ చిన్నదే కానీ నాకు జైలు నుంచి తప్పించుకునే సీన్ కంటే అదే ఎక్కువిష్టం.

నీలిమాస్క్:
గుడారం సంగతి నిజమే అక్కా, గది నేను సోంచాయించలే. గయినా ఆంగ్ జూకోల దోస్తానే నాకు ముందు.