రెగ్జినా, తోలా? కుటుంబ కారు సీట్లను కొనే ముందు పరీక్షించడం ఎలా?

నక్కలగుట్ట నివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. ఇంట్లో ఐదుగురం ఉంటాము: మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్న మా అమ్మ. పదకొండేళ్లుగా వాడుతున్న చిన్న కారును ఇచ్చివేసి, కాస్త ఎత్తుగా ఉండే క్రాసోవర్ ఒకటి తీసుకోవాలని అనుకుంటున్నాము. నెలకు రెండుసార్లైనా హైదరాబాదు వెళ్లిరావలసి ఉంటుంది, అంటే ఒక్కో వైపు సుమారు 145 కిలోమీటర్లు. ఎండాకాలం పెళ్లిళ్లకు కరీంనగర్, మంచిర్యాల దాకా పోతుంటాము. రెండేళ్లకోసారి మేడారం ఉండనే ఉంది.

మాకు నచ్చిన కారులో మధ్య రకానికి గుడ్డ సీట్లు, పై రకానికి లెదర్ సీట్లు వస్తున్నాయి. రెండింటి మధ్య తేడా 1,60,000 రూపాయలు. ఆ డబ్బుతో మరికొన్ని హంగులు వస్తున్నా, షోరూమ్‌లో మాకు ప్రధానంగా చూపించింది సీట్లనే. అమ్మకాల అబ్బాయి ‘ప్యూర్ లెదర్ ఫీల్ సార్’ అన్నాడు. లెదరా, లెదర్ ఫీలా అని అడిగితే నవ్వి బ్రోచరు చేతిలో పెట్టాడు. చేత్తో తాకితే మెత్తగానే ఉంది కాని, షోరూమ్ ఏసీలో కొత్త కారు సీటు మెత్తగా ఉండకపోతే ఇంకెక్కడ ఉంటుంది? ఐదారేళ్లు మన ఎండల్లో తిరిగిన తర్వాత అది ఎలా ఉంటుందో ఇప్పుడే అంచనా వేయడానికి మార్గమేదైనా ఉందా? వాడినవారు, పని తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

కుషన్ మేస్త్రి, వరంగల్

నమస్కారం సార్. నేను ఇరవై రెండేళ్లుగా కార్ల సీట్లు కుట్టే పనిలో ఉన్నాను. మీరు చూస్తున్న ధరల్లో మన దేశంలో అమ్ముడయ్యే క్రాసోవర్లలో చాలా వాటికి వచ్చేది అసలు తోలు కాదు. బ్రోచరులో దానిని లెదరెట్ అని రాస్తారు, మా అంగట్లో రెగ్జిన్ అంటాము. గుడ్డ మీద పీవీసీ గాని, పీయూ (పాలీయురేథేన్) గాని, అంటే ఒక రకం ప్లాస్టిక్‌ను పూతగా వేసి, దాని మీద తోలు గీతల అచ్చు నొక్కుతారు. అందులో తప్పేమీ లేదు, మంచి రెగ్జిన్ నాసిరకం తోలు కంటే ఎక్కువ కాలం ఆగుతుంది. కాని రెగ్జిన్‌కు తోలు ధర కట్టవద్దు.

తేడా తెలుసుకోవాలంటే సీటు మధ్య భాగం మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. తోలైతే వేలి చుట్టూ సన్నని ముడతలు ఎటు పడితే అటు లేస్తాయి, రెగ్జిన్ అయితే గుంట పడి ఊరుకుంటుంది. సీటుకు చిల్లులు ఉంటే ఫోన్ టార్చి వేసి చిల్లు అంచును చూడండి, అక్కడ నేసిన దారాలు కనిపిస్తే అది రెగ్జినే. సీటు కింద మడత పెట్టి బిగించిన అంచును చూడమని కొందరు చెబుతారు గాని, ఆ పరీక్షను పూర్తిగా నమ్మలేము. ఎందుకంటే ఖరీదైన కార్లలో కూడా మనిషి కూర్చునే చోట, వీపు ఆనే చోట మాత్రమే తోలు వేసి, పక్కలకు, వెనుకకు రెగ్జినే వేయడం మామూలు. వాసన చూసి మోసపోకండి, ఆ వాసన సీసాలలో అమ్ముతారు.

నన్నడిగితే పై తొడుగు కంటే కుట్టునే ముందు చూడాలి. సీటు పక్కల ఎత్తుగా లేచి ఉండే మోపు దగ్గర కుట్లు ఒకే దూరంలో ఉన్నాయా, మలుపుల్లో గుడ్డ లాగినట్టు ఉందా, కొత్త సీటులోనే ముడతలున్నాయా అని గమనించండి. మనం కారులోకి ఎక్కేది కుడి వైపు నుంచి కాబట్టి డ్రైవరు సీటు కుడి మోపు ప్రతిసారీ ఒరుసుకుంటుంది, మా దగ్గరికి చిరిగి వచ్చే సీట్లలో ఎక్కువ భాగం అక్కడే చిరుగుతాయి. అందుకని మిలమిల మెరిసే ప్రదర్శన కారును చూసి తిరిగి రాకండి. టెస్ట్ డ్రైవ్‌కు తిప్పే పాత బండి ఉంటుంది, దాని డ్రైవరు సీటు చూపించమనండి. వేల కిలోమీటర్లలో రోజుకు పదిమంది ఎక్కి దిగిన ఆ సీటే రేపటి మీ సీటు.

లోపలి ఫోము సంగతి మాత్రం కంటికి కనబడదు. సోఫాకైతే 32 డెన్సిటీయా, 40 డెన్సిటీయా అని అడిగి కొంటాము, కారు షోరూమ్‌లో ఆ అంకె ఎవరూ చెప్పరు. పిడికిలితో బలంగా నొక్కినప్పుడు అడుగున ఉన్న తీగ చేతికి తగిలితే ఆ సీటును వదిలేయండి. కూర్చోగానే హాయిగా కుంగిపోయే సీటు మీద అనుమానం పెట్టుకోండి. మొదటి ఐదు నిమిషాలు కాస్త గట్టిగా అనిపించిన సీటే జనగామ దాటాక నడుముకు ఆసరా ఇస్తుంది.

గోదావరిఖని ప్రయాణికుడు

మేస్త్రి గారు చెప్పినదంతా నిజమే. నేను అనుభవించి చెప్పవలసినది వేడి గురించి. ఏప్రిల్, మే నెలల్లో మా రామగుండం ప్రాంతంలో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. నా కారుకు నల్ల రెగ్జిన్ సీట్లు, ఆరేళ్లుగా వాడుతున్నాను. మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చేసరికి ఆ సీటు మీద తువ్వాలు పరచకుండా కూర్చోవడం సాధ్యం కాదు. గుడ్డ సీటు కూడా వేడెక్కుతుంది కాని, ఒంటికి అంతగా తగలదు, చెమటను కూడా కొంత పీల్చుకుంటుంది. రెగ్జిన్ మీద గంట కూర్చుంటే చొక్కా వీపుకు అంటుకుపోతుంది.

దీనికి మందుగా వెంటిలేటెడ్ సీట్లు వచ్చాయి. కియా సెల్టోస్, హ్యుందాయ్ క్రెటా వంటి కార్ల పై రకాలలో ముందు సీట్లకు ఇవి ఇస్తున్నారు. ఒక విషయం గుర్తుంచుకోండి: ఇలాంటి కార్లలో ఆ సీటు తనంతట తాను చల్లదనాన్ని పుట్టించదు. లోపల చిన్న ఫ్యాన్లు ఉండి, కారులో ఉన్న గాలినే చిల్లుల గుండా ఆడిస్తాయి. కారు లోపల నిప్పులా ఉన్నప్పుడు ఆడేది ఆ వేడి గాలే కాబట్టి, ముందు అద్దాలు దించి, ఏసీ వేసి, కాసేపయ్యాక అది వేసుకోవాలి. ఉదయం పది గంటలకు షోరూమ్ నీడలో పరీక్షించి లాభం లేదు, ఎండలో నిలిపి ఉంచిన బండినే అడగండి. అయితే మీ అమ్మగారు, పిల్లలు కూర్చునేది వెనుక సీటులో. ముందు సీటు గాలి వారికి ఎందుకు పనికి వస్తుంది? వారికి కావలసింది వెనుకకు ఏసీ గాలి వచ్చే రంధ్రాలు, కిటికీ మీద పడే ఎండకు అడ్డు. అద్దాల పారదర్శకత ముందు, వెనుక 70 శాతానికి, పక్కల 50 శాతానికి తగ్గకూడదని మోటారు వాహనాల నిబంధన ఉంది కనుక, నల్ల ఫిలిం వేయించుకోవచ్చులే అనే ఆలోచన పెట్టుకోకండి.

నేను చేసిన పొరపాటు కూడా చెబుతాను. వేడికి తట్టుకోలేక ఒక అంగడిలో దళసరి సీటు కవర్లు కుట్టించుకున్నాను. సర్వీసుకు వెళ్లినప్పుడు మెకానిక్ అది చూసి, సీటు వీపు పక్కన కుట్టు దగ్గర ఉన్న ఎయిర్‌బ్యాగ్ అనే చిన్న చీటీని చూపించాడు. ప్రమాదం జరిగితే ఆ కుట్టును చీల్చుకుని బయటికి రావలసిన సంచిని నేను బిగుతైన కవరుతో మూసివేసి, ఆరు నెలలు పిల్లలను ఎక్కించుకుని తిరిగాను. అదే రోజు తీయించివేశాను.

అంబూరు అనుభవం

నేను కొంతకాలం తమిళనాడులోని అంబూరులో తోలు శుద్ధి కర్మాగారంలో పనిచేసి, ఇప్పుడు హనుమకొండలోనే స్థిరపడ్డాను. రెగ్జిన్ పాడయ్యే తీరు గురించి కొంత వివరిస్తాను, ఎందుకంటే ‘ఐదారేళ్ల తర్వాత’ అన్న మీ ప్రశ్నకు జవాబు అక్కడ ఉంది.

పీవీసీ సహజంగా గట్టి పదార్థం. దానిలో మెత్తదనం తెచ్చే నూనె వంటి రసాయనాన్ని కలుపుతారు. ఎండలో నిలిపిన కారులో అది కొద్దికొద్దిగా ఆవిరై బయటికి పోతుంది. ముందు అద్దం లోపలి వైపు, ఎంత తుడిచినా మళ్లీ పేరుకునే జిడ్డు పొరలో దాని వాటా కూడా ఉంటుంది. ఆ రసాయనం తగ్గిన కొద్దీ సీటు బిరుసెక్కి, మడత పడే చోట పగులుతుంది. పీయూ పద్ధతి వేరు. అది తాకడానికి తోలుకు దగ్గరగా ఉంటుంది కాని, నాసిరకమైతే తేమ, చెమట వల్ల క్రమంగా విచ్ఛిన్నమై పొలుసులుగా రాలుతుంది. ఇళ్లలో సోఫాలు నాలుగేళ్లకే పెచ్చులూడటం మీరు చూసే ఉంటారు. కార్లకు వాడే సరుకు దానికంటే మెరుగైనదే అయినా స్వభావం అదే.

అసలు తోలు అన్నంత మాత్రాన కూడా నిశ్చింతగా ఉండలేము. చర్మాన్ని పొరలుగా చీలుస్తారు. పై పొరకు బలమూ, ధరా ఎక్కువ. కింది పొర మీద దళసరిగా పూత పూసి అచ్చు వేసినదాన్ని కూడా తోలనే అమ్మవచ్చు, అది అబద్ధం కాదు. పైగా కార్లలో వాడే తోలు మీద రంగు, రక్షణ పూత దాదాపు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి మన చేతికి తగిలేది చాలావరకు ఆ పూతే. కొబ్బరినూనె రాస్తే తోలు నిగనిగలాడుతుందని మన వైపు చాలామంది నమ్ముతారు. మనం బతుకమ్మలో పేర్చే తంగేడు చెట్టు బెరడుతో ఊరి లందలో (తోలు నానబెట్టే తొట్టిలో) పదును చేసిన చెప్పుల తోలుకు నూనె ఇంకేది కాబట్టి ఆ మాట చెల్లింది. పూత ఉన్న కారు సీటు మీద అది జిడ్డుగా నిలిచి దుమ్మును పట్టుకోవడం తప్ప మరేమీ చేయదు. కాస్త సబ్బు నీటిలో పిండిన మెత్తని గుడ్డ చాలు. చేతులకు రాసుకునే శానిటైజరులోని ఆల్కహాలు పూతను దెబ్బతీస్తుంది, పిల్లలకు ఆ మాట చెప్పి ఉంచండి.

మంచిర్యాల మాస్టారు

అందరూ తొడుగు గురించే రాశారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి తొడుగు ఏదైనా ఒకటే. మా నాన్నగారి కోసం కారు వెతికినప్పుడు మేము చూసుకున్నది సీటు ఎత్తు. కిందికి కూలబడకుండా, పైకి ఎగబాకకుండా, పక్కకు జరిగి కూర్చునే ఎత్తులో సీటు ఉండాలి. తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో, గడప దాటడానికి కాలు ఎంత ఎత్తవలసి వస్తుందో చీర కట్టుకున్నవారు ఎక్కి దిగితేనే తెలుస్తుంది. కూర్చున్న తర్వాత సీటు అంచుకు, మోకాలి వెనుక భాగానికి మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉంటే తొడలకు సరైన ఆసరా ఉన్నట్టు. అరచెయ్యి పట్టేంత సందు మిగిలితే తొడలు గాలిలో వేలాడి, రెండు గంటల ప్రయాణానికే కాళ్లు లాగుతాయి. విద్యుత్ కార్లు చూస్తే ఇది మరింత జాగ్రత్తగా గమనించండి. బ్యాటరీ అడుగున ఉండటం వల్ల కొన్నింటిలో నేల ఎత్తై, వెనుక కూర్చున్నవారి మోకాళ్లు పైకి లేస్తాయి.

మరొకటి, పై రకానికి పెద్ద చక్రాలు వేస్తారు. చూడటానికి బాగుంటాయి గాని టైరు పక్కగోడ తగ్గిపోయి, ప్రతి గుంతా సీటు దాకా వస్తుంది. మీరు 1,60,000 ఎక్కువ పెట్టి కుదుపును కూడా కొనుక్కుంటున్నారేమో ఒకసారి చూసుకోండి.

నక్కలగుట్ట నివాసి

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం మధ్యాహ్నం అమ్మను, పిల్లలను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాము. టెస్ట్ డ్రైవ్ బండి సీటు చూపించమంటే మొదట ‘కడగడానికి పోయింది’ అన్నారు. అరగంట కూర్చున్నాక వచ్చింది. కుడి మోపు మీద అప్పుడే గీతలు పడి, కుట్టు పక్కన పూత నలిగి ఉంది. రెండు రకాలలోనూ వెనుక సీటులో అమ్మను ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాము. ఎత్తు రెండింటికీ ఒకటే, సరిపోయింది. పై రకం చక్రాలు పెద్దవి, స్పీడు బ్రేకర్ల దగ్గర ఆ తేడా నాకే తెలిసింది.

ఇంతలో అమ్మ ఆ అబ్బాయిని అడిగింది: ‘ఇది ఏ జీవం తోలు నాయినా? తోలు మీద కూసొని గుడికెట్ల పోవుడు?’ వారం రోజులుగా నాకు చెప్పని మాట అమ్మకు అర నిమిషంలో చెప్పాడు: ‘అమ్మా, ఇది తోలు కాదు, రెగ్జినే.’

మధ్య రకానికే బయానా కట్టాము. వెనుకకు ఏసీ రంధ్రాలు అందులోనూ ఉన్నాయి. మేస్త్రి గారిని ఒక్క మాట అడగాలి: గుడ్డ సీట్లు లేత బూడిద రంగువి. మేడారం వెళ్లివచ్చినప్పుడు బెల్లం, పసుపు అంటకుండా ఏం చేయమంటారు?

కుషన్ మేస్త్రి, వరంగల్

బెల్లానికి భయపడకండి సార్, గోరువెచ్చని నీటిలో పిండిన గుడ్డతో నాలుగుసార్లు అద్దితే కరిగి వచ్చేస్తుంది. రుద్దకండి, లోపలికి దిగుతుంది. ఆ తర్వాత తలుపులు తీసి ఎండనివ్వాలి, తడి ఫోములో మిగిలితే వాసన పడుతుంది. పసుపే మొండిది, సబ్బు తగిలితే ఇంకా ఎర్రబారుతుంది. దానికి ఎండ తగలనిస్తే కొంత తేలిపోతుంది గాని, మొత్తం పోతుందని నేను చెప్పలేను. వెనుక సీటుకు మాత్రం పలుచని నూలు దుప్పటి ఒకటి కొలిచి కుట్టిస్తాను, బెల్టు బకిల్స్ దగ్గర, పిల్లల సీటు కొక్కాల దగ్గర సందులు వదిలి. ముందు సీట్లకు ఏమీ వేయించకండి, గోదావరిఖని సార్ చెప్పారు కదా. బండి వచ్చిన రోజు తీసుకురండి, కొలత పదినిమిషాల పని.